చెయ్యి పెట్టిన నాలుగు జతలు

వర్క్‌షాపు, ఫిట్టింగు బెంచీ
జనవరి 8

మరదలు పిల్లకి,

పెట్టె నెమ్మదిగా విప్పు. మూత తియ్యగానే కనబడేది ఈ ఉత్తరం, దాని కింద నూనె కాగితాల్లో చుట్టిన నీ ఉక్కు రింగులు. పన్నెండు జతలు. ప్రతి జత పక్కన నంబరు కొట్టాను. జతకో పిన్ను, అది దిగే రంధ్రం ఒక్కటే. కాబట్టి మీద రింగు కింద రింగు మీద ఒకే తీరుగా కూర్చుంటుంది, అటూ ఇటూ తిరగదు. ఏ జత రింగులు ఆ జతకే వాడు. కలగాపులగం చేశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ చెవి మెలిపెడతాను.

నీ డ్రాయింగు చూసి మా బెంచీ అంతా ఒకటే నవ్వు. కింద ఎర్ర సిరాతో "గ్రైండింగ్ అయ్యాక చెయ్యి పెట్టరాదు" అని రాశావే, అక్కడ. పంతొమ్మిదేళ్ళ నుంచి నేను చేసే పనే అది కదా. మిషను వదిలేసిన ఎగుడుదిగుళ్ళని చేత్తో సరిచెయ్యడం. ఒక ముక్క మీద నీలం రంగు పలచగా పులిమి, రెండో ముక్కకి ఆనించి, ఎక్కడ రంగు అంటిందో అక్కడ గీకడం. అలాంటి మనిషికి చెయ్యి పెట్టకు అని హుకుం జారీ చేస్తావా! మా ఫోర్‌మన్ అయితే, "ఏవమ్మా, మీ ఆడబిడ్డకి నీ మీద పాత కక్ష ఏమైనా ఉందా?" అనడిగాడు.

సరేలే. పన్నెండు జతల మీదా నా ముద్ర పడింది. ఆ ముద్ర సంగతి నీకు తెలుసో లేదో. ఇక్కడ నూట పది మందిమి ఉంటే ముగ్గురికే ఉంది. సుత్తితో కొట్టే వేలంత ఉక్కు పంచి, దాని కొసన ఒక అంకె. నాది పద్నాలుగు. అది కొట్టిన పని ఇన్‌స్పెక్షను గదికి వెళ్ళదు, నేరుగా గేటు దాటుతుంది. "డ్రాయింగులో ఉన్నట్టే చేశాను, పూచీ నాది" అని దానర్థం.

మీ అన్నయ్య కులాసా. క్రేను దిగి ఇంటికొచ్చాక కూడా నన్ను పైనుంచే చూస్తాడు, అదొక్కటే బాధ.

ఇంతకీ వీటితో నువ్వేం చేస్తావో నాకు అర్థమయ్యేలా రాయి. ఫోన్లో వద్దు. షాపులోకి ఫోను రానివ్వరు, ఇంటికి చేరాక నీ మాట వినే ఓపిక నాకుండదు.

వదిన


ల్యాబు, రెండో అంతస్తు
జనవరి 25

వదినా,

పెట్టె క్షేమంగా చేరింది. నూనె కాగితం విప్పి మొదటి రింగు దీపం కింద పెట్టాను. అందులో నా మొహం కనబడింది, బొట్టుతో సహా. ఇంత అందమైన వస్తువుని నీళ్ళలో ముంచాలా అనిపించింది.

అడిగావు కాబట్టి చెప్తున్నాను, మధ్యలో ఆవలించకు. అద్దంలా ఉన్న ఆ రింగు మీద సన్నని సూదిని నడిపిస్తే అది ఎగిరెగిరి పడుతుంది. అంతా కొండలూ లోయలే. అలాంటి రెండు తలాలు ఒకదాని మీద ఒకటి పెడితే కొండల కొమ్ములే తగులుతాయి. గులకరాళ్ళు పరిచిన పళ్ళెం మీద ఇంకో గులకరాళ్ళ పళ్ళెం బోర్లించావనుకో, అలాగన్నమాట. పైకి రింగంతా ఆనినట్టే ఉంటుంది, నిజంగా తగిలే చోటు నూటికి ఒక వంతు కూడా ఉండదు. బరువు రెట్టింపు చేస్తే నిజంగా తగిలే చోటు కూడా ఇంచుమించు రెట్టింపవుతుంది. పాత కొమ్ములు అణుగుతాయి, కొత్తవి వచ్చి తగులుతాయి. మిగిలిన ఖాళీల్లోంచి నీళ్ళు దారి వెతుక్కుంటూ బయటికొస్తాయి. ఇంకా బరువు పెడితే ఎక్కడో ఒకచోట ఆఖరి దారి కూడా మూసుకుపోతుంది. ఎంత బరువుకి మూసుకుపోతుందో ముందే లెక్క కట్టి చెప్పగలమా అన్నదే నా పరిశోధన.

చేసేది చాలా చిన్న పని. రింగుల మధ్య నీళ్ళు నింపుతాను. మీద ఇనప బిళ్ళలు ఒక్కొక్కటే పేరుస్తాను. చుట్టూ కారే బొట్లు లెక్కపెడతాను. లెక్క ప్రకారం ముప్పయి బిళ్ళలకి కారడం ఆగాలి. ఒకటో జత ముప్పయ్యొకటికి ఆగింది, రెండోది ఇరవై తొమ్మిదికి! మా ప్రొఫెసరు గారు కళ్ళజోడు మూడుసార్లు తీసి పెట్టుకున్నారు. ఆయన అంతకన్నా ఎక్కువ సంతోషించడం ఎవరూ చూడలేదు.

ఇరవై నాలుగు రింగుల్నీ విడివిడిగా సూదితో కొలిచాను. ఏది ఏదో చెప్పలేనంత ఒకేలా ఉన్నాయి. ఇలాంటి రింగులు చేయించడానికి పక్క ల్యాబు వాళ్ళు ఏడాదిగా తిరుగుతున్నారు. ఎక్కడ చేయించావని అడిగితే చెప్పలేదు. నా వదిన నాకే.

నీ మరదలు


వర్క్‌షాపు, ఫిట్టింగు బెంచీ
ఫిబ్రవరి 6

మరదలా,

నా తల కొట్టేసినట్టయింది. నా ముద్ర పడ్డ రింగులు ముప్పయి బిళ్ళల బరువు దాకా కారాయని నువ్వు గంతులేస్తావా! నా చేతిలోంచి వెళ్ళినది బొట్టు కారిందని ఇంతవరకు ఎవడూ అనలేదు. కారేవే కావాలని ముందే చెప్పి ఉంటే ఏ సైకిలు షాపులోనో చేయించుకునేదానివి కదా.

కొండలూ లోయల సంగతి మాత్రం నచ్చింది. మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు అందరికీ చదివి వినిపించాను. మేం దాన్నే ఇంకోలా చూస్తాం. బయటివాళ్ళు ఎంత నున్నగా ఉంటే అంత మంచిదనుకుంటారు. లేతు మిషను మీద జారే బల్లని మరీ నున్నగా చేశామనుకో, కిందది మీదది పట్టేసుకుని కదలవు. కదిలినా గుటుకు గుటుకున కదులుతాయి. నూనె నిలవడానికి చోటుండదు మరి. అందుకే కావాలని గీకి, చిన్న చిన్న పల్లాలు మిగులుస్తాం. కొత్తల్లో నేనొక బల్లని నాలుగు రోజులు రుద్ది రుద్ది అద్దం చేశాను. అది పట్టేసుకుంటే విడదియ్యడానికి గొలుసు కట్టి లాగాల్సొచ్చింది. ఇప్పటికీ ఆ మాటెత్తి ఏడిపిస్తారు.

మిగతా జతలు పెట్టావా? మూడు, అయిదు, ఎనిమిది, పదకొండు ఎలా ఉన్నాయి? ఊరికే అడుగుతున్నాలే.

వదిన


ల్యాబు, రెండో అంతస్తు
మార్చి 2

వదినా, నువ్వు మనిషివా, మంత్రగత్తెవా?

మూడు, అయిదు, ఎనిమిది, పదకొండు! ముప్పయి బిళ్ళలు కాదు, తొమ్మిదికే ఆగిపోయాయి. తొమ్మిదో బిళ్ళ పెట్టగానే ఎవరో కుళాయి కట్టేసినట్టు బొట్టు పడడం మానేసింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తొమ్మిదే. మిగిలిన ఎనిమిది జతలూ బుద్ధిగా ముప్పయి దగ్గరే ఆగుతున్నాయి. నా సూదికి ఏ తేడా కనబడకపోయినా నువ్వు పేరుపెట్టి మరీ ఆ నాలుగింటినే అడిగావు. నీ ఉత్తరం ప్రొఫెసరు గారికి చూపించాను. చేతిపని చేసేవాళ్ళకి కంటికి అందనిది వేలికి అందుతుందట, ఆయనన్నారు. నాకు ఒళ్ళు పులకరించింది.

ఇక అసలు విషయం. రెండు వారాలు కూర్చుని దీనికి కారణం కనిపెట్టాను. ఇన్నాళ్ళూ అందరూ వాడుతున్న లెక్కలో ఒక ముక్క తక్కువైంది, దాన్ని నేను చేర్చాను. చేర్చగానే ముప్పయీ వస్తోంది, తొమ్మిదీ వస్తోంది. పేపరు రాసి పంపేశాం. ఏప్రిల్ పన్నెండున నా ఉద్యోగం పర్మనెంటు చెయ్యాలా వద్దా అని అయిదుగురి కమిటీ కూర్చుంటుంది. ఈ పేపరుంటే ఇక ఢోకా లేదని ప్రొఫెసరు గారి ధీమా. ఆరేళ్ళ నుంచి ఏడాదికో కాగితం చేతిలో పెట్టి పొడిగిస్తున్నారు నన్ను. నువ్వూ అన్నయ్యా తప్ప ఎవరికీ ఇంకా చెప్పలేదు.

ఆ ఎర్ర సిరా మాటకి నవ్వారు కదా, దాని అర్థం ఇప్పుడు చెప్తాను. మా లెక్కకి పునాది ఒక్కటే. రెండు తలాలూ ఒకదాన్నొకటి ముందు ఎరిగి ఉండకూడదు. ముక్కూ మొహం తెలియని ఇద్దరు బస్సులో పక్కపక్కన కూర్చున్నట్టు ఉండాలి. దీని కొండకి దాని లోయ ఎదురుపడితే అది కాకతాళీయంగానే జరగాలి. ముందే ఒకదానికొకటి సరిపోయేలా చేశారంటే లెక్క మొత్తం తలకిందులు.

నీ మరదలు


ఇంటి దగ్గర
మార్చి 14

మరదలికి,

నీ ఉత్తరం అందింది. సంతోషం.

ఇక్కడ అంతా బాగానే ఉంది. మీ అన్నయ్యకి జలుబు చేసింది, తగ్గింది. పని ఎక్కువగా ఉంది, అందుకే ఆలస్యం.

ఆ పేపరు పంపేశాక మళ్ళీ వెనక్కి తీసుకోవచ్చా? తీసుకుంటే ఏమంటారు? ఊరికే, తెలుసుకుందామని. కమిటీ వాళ్ళు రింగుల గురించి కూడా అడుగుతారా, లేక లెక్కల వరకేనా?

ఒంట్లో జాగ్రత్త.

వదిన


ల్యాబు, రెండో అంతస్తు
మార్చి 22

వదినా,

నీకేమైంది? అర పేజీ కూడా లేని ఉత్తరం నువ్వు రాయడమేమిటి? అన్నయ్యతో గొడవా? చెప్పు, నేను మాట్లాడతాను.

పేపరు వెనక్కి ఎందుకు తీసుకుంటాం, పిచ్చి వదినా! అది ఇప్పుడు అచ్చుకి ముందు చదివి తప్పొప్పులు చెప్పేవాళ్ళ దగ్గరుంది. రింగుల గురించి తప్పకుండా అడుగుతారు. "ఆ నాలుగు జతలకీ ఏదో చేసి ఉంటారు, లేకపోతే తొమ్మిదేమిటి?" అని మొదటి ప్రశ్నే అది. దానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రింగు పక్కన నీ పద్నాలుగో నంబరు ముద్ర చూపిస్తాను. డ్రాయింగులో ఉన్నట్టే చేశానని పూచీ పడ్డ మనిషి మా వదిన అంటాను. అంతకన్నా పెద్ద సాక్ష్యం ఎవరిస్తారు?

ఈసారి పెద్ద ఉత్తరం రాయి.

నీ మరదలు


ఇంటి దగ్గర
మార్చి 29

అమ్మాయ్,

కూర్చుని చదువు. ఆ నాలుగు జతలకీ నేను చెయ్యి పెట్టాను.

శనివారం మధ్యాహ్నం. పని త్వరగా తెమిలింది. పెట్టెలో సర్దేముందు ఒకసారి నీలం రాసి చూద్దామనిపించింది. చూడొద్దని నీ డ్రాయింగులో లేదు కదా అనుకున్నాను. ఎనిమిది జతల్లో రంగు చుట్టూ సమంగా అంటింది. నాలుగింటిలో ఇటు రెండు చుక్కలు, అటు ఒక చుక్క, మిగతా అంతా బోడి. గ్రైండింగ్ మిషను ఆ నాలుగింటి దగ్గర కాస్త వణికినట్టుంది. అలాంటి జతని నా పేరు మీద, అందులోనూ నీకు, ఎలా పంపను? ఒక్క రాపు రాద్దాం అనుకున్నాను. పిన్ను పెట్టి ఆనించడం, రంగు అంటిన చోట నూనె రాయితో మెల్లిగా రుద్దడం, తుడవడం, మళ్ళీ రంగు, మళ్ళీ ఆనించడం. జతకి ఇరవైసార్లు చేసుంటాను. చివరికి రింగు చుట్టూ నీలం ఆవగింజలు చల్లినట్టు పడింది. చూసుకుని మురిసిపోయాను. డ్రాయింగులో ఉన్నట్టే చేశానని ముద్ర కొట్టాను.

కారకుండా ఉండడమే నీకు కావాలనుకున్నాను. వేరే ఏ పనికైనా రింగులు అందుకే చేస్తాం. నువ్వు పునాది సంగతి రాసిన రోజున నాకు అర్థమైంది. ఆ రెండేసి రింగులూ ఒకదాన్నొకటి ఎరిగినవే. ఎరిగేలా చేసింది నేనే. నువ్వు లెక్కలో చేర్చిన ముక్క నా రాయి చేసిన పని, తల్లీ.

పోయిన ఉత్తరంలోనే చెప్పాల్సింది. రెండుసార్లు రాసి చింపేశాను. నీ ఆరేళ్ళ కష్టం నా చేత్తో ముంచానే అన్న దిగులొకటి. రెండోది కూడా చెప్తాను, దాచడం ఎందుకు. డ్రాయింగు దాటి పనిచేసి ముద్ర కొట్టానని తెలిస్తే ముద్ర పోతుంది. పంతొమ్మిదేళ్ళలో నేను సంపాదించుకున్నదంటూ ఉంటే అదే. నీకు నష్టం జరుగుతోందని తెలిసి కూడా పదిహేను రోజులు దాని గురించి ఆలోచించాను. నువ్వు ఆ ముద్రే చూపిస్తానని రాశాక ఇక దాచలేకపోయాను.

తిట్టు. ఎంతైనా తిట్టు. కానీ కమిటీ లోపలే ఏదో ఒకటి చెయ్యి.

వదిన


ల్యాబు, రెండో అంతస్తు
ఏప్రిల్ 2

వర్క్‌షాపు ఫిట్టరు గారికి,

మీరు చేసి పంపిన పన్నెండు జతల రింగులలో 3, 5, 8, 11 నంబర్ల జతలపై డ్రాయింగుకు విరుద్ధంగా జరిగిన పనిని వివరిస్తూ, మీ సంతకంతోనూ సంస్థ సీలుతోనూ ఒక వాంగ్మూలం ఈ నెల పదో తేదీలోగా అందజేయవలసిందిగా కోరుతున్నాను. అది లేనిదే, ఆ కొలతలు నేను కల్పించినవి కావని కమిటీ ఎదుట రుజువు చేసుకోవడం సాధ్యం కాదు.

ఇట్లు,
పరిశోధకురాలు


వర్క్‌షాపు, ఫోర్‌మన్ గది
ఏప్రిల్ 6

పరిశోధకురాలు గారికి,

మీరు కోరిన వాంగ్మూలం ఇందులో జతచేశాను. సంతకం నాది, సీలు సంస్థది. ఏ జతకి ఏ చోట ఎన్నిసార్లు రాయి తగిలించానో గుర్తున్నంతవరకు బొమ్మ గీసి చూపించాను. "ఈ పని నేను డ్రాయింగుకు విరుద్ధంగా, ఎవరికీ చెప్పకుండా, నా ఇష్టప్రకారం చేశాను. ల్యాబు వారికి ఈ సంగతి తెలియదు. వారి కొలతలలో ఏ దోషమూ లేదు" అని చివర రాశాను. చాలకపోతే ఎలా రాయాలో చెప్పండి, అలాగే రాసిస్తాను.

సీలు కోసం ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళాను. చదివి కాగితం బల్ల మీద బోర్లా పెట్టాడు. "దీని మీద సీలు వేశానంటే నీ ముద్ర వచ్చి ఈ బల్ల మీద పడాలమ్మా. ఇది మీ ఇంటి గొడవ. ఫోన్లో ఏదో సర్దిచెప్పుకోరాదూ?" అన్నాడు. మంచివాడు, నా కోసమే అన్నాడు. "ఆ పిల్ల పేరు మీద మచ్చ పడుతుంది, వెయ్యండి" అన్నాను. వేశాడు.

నువ్వు నన్ను ఫిట్టరు గారూ అన్నందుకు కోపం రాలేదు. ఏడుపొచ్చింది. రెండూ ఒకటి కావు కదా.

వదిన


ల్యాబు, రెండో అంతస్తు
ఏప్రిల్ 20

మా వదినకి,

అరికాలి మంట నెత్తికెక్కి రాసిన ఉత్తరం అది. పోస్టు డబ్బాలో వేసొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. వెళ్ళి వెనక్కి తీసుకుందామంటే డబ్బాకి తాళం. నన్ను క్షమించు. క్షమించకపోయినా సరే, మళ్ళీ మరదలా అని పిలిస్తే చాలు.

జరిగింది మొదటి నుంచీ చెప్తాను. నీ వాంగ్మూలం, బొమ్మలూ అందిన రోజున మూడో జత తీసి ముందు పెట్టుకున్నాను. ఇది పిన్నుతో ఉన్నప్పుడే కదా వదిన సరిచేసింది అని తట్టింది. పిన్ను పీకేశాను. మీద రింగుని పావు వంతు తిప్పాను. నీళ్ళు నింపి బిళ్ళలు పేర్చాను. తొమ్మిదికి ఆగలేదు. పద్దెనిమిదికి ఆగలేదు. ముప్పయికి ఆగింది! అయిదు, ఎనిమిది, పదకొండు కూడా అంతే. ముప్పయి రెండు, ఇరవై తొమ్మిది, ముప్పయ్యొకటి. మళ్ళీ వెనక్కి తిప్పి పిన్ను పెడితే తొమ్మిది. అదే ఉక్కు, అవే నీళ్ళు. ఒక పావు తిప్పుకే అవి ఒకదాన్నొకటి మరిచిపోయాయి. పాత లెక్క అక్షరాలా నిజం, వదినా. దానికి ముక్క చేర్చిన నేనే తొందరపడ్డాను. ఉక్కు గురించి ఆలోచించానే గానీ, దాన్ని చేసిన మనిషి గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు.

పేపరు వెనక్కి తీసుకున్నాం. ప్రొఫెసరు గారు ఒక రోజంతా గది తలుపు వేసుకున్నారు. రెండో రోజు వచ్చి, "పిన్ను పీకాలని నాకు తట్టలేదు" అన్నారు. అది ఆయన మెచ్చుకోలు.

పన్నెండున కమిటీ ముందు నీ వాంగ్మూలం చివరి వాక్యం దాకా చదివాను. మధ్యలో కూర్చున్న పెద్దాయన, "చేత్తో ఇంత సన్నటి పని అసంభవం. కొలతలో పొరపాటు జరిగి ఉంటుంది" అన్నారు. నేను రింగులూ బిళ్ళలూ వెంట తీసుకెళ్ళాను. అక్కడే పెట్టి చూపించాను, పిన్నుతో ఒకసారి, లేకుండా ఒకసారి. ఆయన కుర్చీలోంచి లేచొచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, చొక్కా చేతులు తడిసేలా బొట్ల కోసం తడిమి చూశారు. "ఈవిడ ఏ యూనివర్సిటీ?" అనడిగారు. "మా వదినండీ. పదో తరగతి" అన్నాను.

నువ్వు ఆ నాలుగు జతల్లో తీసినది ఎంతో ఇప్పుడు కొలిచాను. రెండు మైక్రాన్లు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా కాదు. రంగు చుక్కలు చూస్తూ, ఏ భూతద్దమూ లేకుండా, ఒక కొండల వరసని ఇంకో కొండల వరసకి సరిపడా దిద్దావు. అదే పని కంప్యూటరులో చెయ్యమంటే నాకు మూడు రోజులు పట్టింది, అదీ అరకొరగా. నాకు నీ మీద ప్రేమ ఎప్పుడూ ఉంది. ఇప్పుడు నిన్ను తలుచుకుంటే భయభక్తులు కూడా పుట్టుకొస్తున్నాయి.

ఉద్యోగం పర్మనెంటు కాలేదు. మళ్ళీ ఒక్క ఏడాది ఇచ్చారు. బాధలేదని చెప్పను. కానీ ఈ ఏడాదికి పని దొరికింది. ఒకదాన్నొకటి ఎరిగిన తలాలు ఎలా ప్రవర్తిస్తాయన్నదానికి సరైన లెక్క ఎవరి దగ్గరా లేదు. కొత్త రింగులు కావాలి, ఈసారి చెయ్యి పెట్టినవే. ఆ పేపరు మీద నీ పేరు కూడా ఉంటుంది, కాదంటే ఊరుకోను.

నీ ముద్ర ఏమైంది? అన్నయ్యని అడిగితే మాట మార్చాడు. నువ్వే రాయి.

నీ మరదలు


వర్క్‌షాపు, ఫిట్టింగు బెంచీ
మే 18

మరదలా,

ఇదిగో, పిలిచాను. ఇక ఆ మెట్లెక్కి పని చూసుకో.

ముద్ర పోయింది. వాంగ్మూలం మీద సీలు పడిన రోజునే పంచి తీసి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టాను. బెంచీ మీద అందరూ తల వంచుకుని పనిచేసుకుంటున్నట్టు నటించారు. ఇంటికొచ్చి మీ అన్నయ్యకి చెప్తే, లేచి కాఫీ కలిపి తెచ్చిచ్చాడు. చక్కెర బదులు ఉప్పు వేశాడు పాపం. తాగేశాను.

అప్పట్నుంచి నేను చేసిన ప్రతిదీ అందరి పనితోపాటు ఇన్‌స్పెక్షను గదికి వెళ్ళాలి. అక్కడ ఉండేది ఒక ముసలాయన. వచ్చే ఏడాది రిటైరవుతాడు. పట్టి పట్టి చూస్తాడని భూతద్దం అని పేరు పెట్టారు మావాళ్ళు. ఆయన చేతికి పని వెళ్ళిందంటే తప్పు దొరక్కుండా తిరిగిరాదు. ముద్ర పోయాక నేను మొదట చేసినది బల్లంత సమతలపు పలక. మిగతా పలకలన్నీ దాని మీదే ఆనించి సరిచూసుకోవాలి. పదకొండు రోజులు గీకాను. తోపుడు బండి మీద పెట్టి ఆ గదికి తోసుకెళ్తుంటే, కొత్తగా చేరిన రోజున కూడా నాకంత సిగ్గనిపించలేదు.

పొద్దున్న ఎనిమిదింటికి ఇచ్చాను. పదయింది, పన్నెండయింది, కబురు లేదు. మా బెంచీ మీద గుసగుసలు మొదలయ్యాయి. "ఏదో పెద్ద తప్పే దొరికుంటుంది" అన్నాడొకడు, నాకు వినపడాలనే. మధ్యాహ్నం తిండి ముట్టలేదు. మూడింటికి పిలుపొచ్చింది.

వెళ్ళేసరికి ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, పలక ముందు స్టూలు మీద కూర్చున్నాడు. కిటికీ తలుపులన్నీ బార్లా తీసి ఉన్నాయి. నీలం చుక్కలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కనబడుతున్నాయి. "ఎక్కడండీ?" అన్నాను.

"ఎక్కడేమిటమ్మా?"

"తప్పు."

"తప్పు చూడటం పదింటికే అయిపోయింది. లేదు," అన్నాడు. "అప్పట్నుంచీ ఊరికే చూస్తున్నా. పంతొమ్మిదేళ్ళుగా ఈ గోడకి అవతలే పనిచేస్తున్నారు మీరు. ముద్ర ఉన్న పని నా బల్ల మీదకి రాదు కదా. ఇలా ఉంటుందని నాతో ఎవరూ చెప్పలేదు."

నిజం చెప్పొద్దూ, అక్కడే ఏడ్చేశాను. ముద్ర వచ్చినప్పట్నుంచీ నా పని మీద నమ్మకంతో ఎవరూ దాన్ని చూడలేదు. ముద్ర చూసి గేటు దాటించేశారు. బాగుందో లేదో నాకే తెలియాలి, నాకే నచ్చాలి. అది గౌరవమే, కాదనను. కానీ ఒక మనిషి అయిదు గంటలు దాని ముందు కూర్చుని చూస్తే ఎలా ఉంటుందో నాకు అంతవరకు తెలియదు. ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, ఫలానా మూల గీతల వాలు ఎందుకు మార్చారు, ఇక్కడ ఎందుకు పలచన చేశారు అని ఒక్కొక్కటే అడిగాడు. చెప్పాను. సైరను మోగే దాకా చెప్తూనే ఉన్నాను.

నీ కొత్త రింగులు చేస్తాను. పేపరు మీద పేరంటావా, నీ ఇష్టం, ఇంటిపేరులో తప్పు రాయకు. డ్రాయింగులో మాత్రం ఎంతవరకు చెయ్యి పెట్టొచ్చో స్పష్టంగా రాయి. ఈసారి రాసినట్టే చేస్తాను, చేసినదంతా కాగితం మీద పెడతాను.

ఆర్నెల్లు గడిచాక ముద్ర కోసం మళ్ళీ అర్జీ పెట్టుకోవచ్చట. ఫోర్‌మన్ నిన్ననే కాగితం తెచ్చి నా చేతిలో పెట్టి, "ముందే నింపి ఉంచుకోమ్మా, తేదీ నేను వేస్తాలే" అన్నాడు. సొరుగులో పెట్టాను. ఇంకా నింపలేదు.

వదిన